ఇరవై అయిదో తూటా: అమెరికా పోయే ముందు తుపాకి అప్పగించిన నా అనుభవం

నాకు 64 ఏళ్ళు. ఉండేది అనంతపురంలో. శెనక్కాయల మిల్లు నడిపే రోజుల్లో, 2003లో, పాయింట్ 32 రివాల్వరుకు లైసెన్సు తీసుకున్నాను. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో రైతులకు కట్టాల్సిన డబ్బు సంచిలో పెట్టుకుని చీకటి పడ్డాక జీపులో తిరిగే కాలం అది. కాన్పూరు ఫ్యాక్టరీలో తయారైన ఆరు గుండ్ల రివాల్వరు. ఇన్నేళ్ళలో దాన్ని మనిషి మీదికి కాదు గదా, కుక్క మీదికి కూడా ఎత్తలేదు. మిల్లు మూసేసి తొమ్మిదేళ్ళవుతోంది. రివాల్వరు మాత్రం బీరువాలో, మా ఆవిడ పట్టుచీరల కింద, అట్లాగే ఉండిపోయింది.

2025 జనవరిలో మా చిన్నోడి దగ్గరికి డల్లాస్ పోయి ఏప్రిల్ ఆఖర్లో తిరిగొచ్చాం. పోయే ముందు ఏం జరిగిందో తెలిసి, లైసెన్సులున్న వాళ్ళు ముగ్గురు ఇప్పటికే ఫోన్ చేసి వివరాలు అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పలేక వరసగా రాసి పెడుతున్నాను.

మొదట ఒక తెలివితక్కువ మాట ఒప్పుకోవాలి. 2024 నవంబరులో టికెట్లు తీసుకున్నప్పుడు నాకొచ్చిన ఆలోచన, రివాల్వరును వెంట తీసుకుపోదామా అని. అమెరికాలో అందరి దగ్గరా తుపాకులుంటాయంట, నాకు లైసెన్సు కూడా ఉంది, ఇబ్బందేముంది అనుకున్నాను. చిన్నోడికి ఫోన్లో చెప్తే కాసేపు వాడి నుంచి మాటే లేదు.

"నాయనా, ఆ మాట ఫోన్లో కూడా అనాకు" అన్నాడు చివరికి.

వాడు చెప్పింది విన్నాక గానీ నాకు అర్థం కాలేదు. విజిట్ వీసా మీద పోయినోళ్ళు అక్కడ తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. హెచ్1బి మీదున్న మా వాడికీ అదే చట్టం. మినహాయింపులు కొన్నే. వాటిలో మనలాంటోళ్ళకు పనికొచ్చేవి రెండు. ఒకటి, అక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండాలి. రెండు, షూటింగ్ పోటీకి పిలుపు ఉండాలి. అవి ఉన్నా సరే, బయటి నుంచి తుపాకి తెచ్చుకునేవాళ్ళు ఏటీఎఫ్ అనే శాఖకు ఫారం 6 ఎన్‌ఐఏ అని ఒకటి పంపి, పర్మిట్ వచ్చేదాకా వారాల తరబడి కాచుకోవాలి. దానికి ఫీజు లేదంట. ఉచితం అన్న మాట విని ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.

మా వకీలు స్నేహితుడు ఆ ఆశ కూడా తీసేశాడు. ఆయుధాల చట్టం 1959లో 10వ సెక్షను ప్రకారం, చట్టబద్ధంగా తుపాకి ఉన్నవాడు సొంత వాడకానికి దేశం దాటించుకోవచ్చునంట. కాగితం మీద దారి ఉంది. "కానీ నీ లైసెన్సు మీద ఏరియా చూసుకున్యావా?" అన్నాడు. చూసుకున్నాను. ఆంధ్రప్రదేశ్ వరకే. మనకు విదేశీ విమానమంటే బెంగళూరే గదా. కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటిన మరుక్షణం నా రివాల్వరుకు లైసెన్సు లేనట్టే. "అమెరికా సంగతి దేవుడెరుగు, నువ్వు బాగేపల్లిలోనే దొరికిపోతావు" అని నవ్వాడు.

సరే, ఇంట్లో పెట్టి తాళమేసి పోదామంటే మూడు నెలల పైన ఇల్లు ఖాళీ. అల్లుడిని వచ్చి పడుకోమందామంటే, లైసెన్సు నా పేరు మీదుంది, అతని చేతికి బీరువా తాళమిచ్చి పోవడం కూడా తప్పే. మిగిలింది అప్పగించడం. ఆయుధాల డీలరు దగ్గర బాడుగ కట్టి పెట్టొచ్చు, లేదంటే పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయొచ్చు. స్టేషన్లో పైసా ఖర్చు లేదు, నేను అదే ఎంచుకున్నాను.

ఎలక్షన్లప్పుడు తుపాకులు ఇచ్చి తెచ్చుకోవడం మా సీమలో లైసెన్సున్నోళ్ళకు కొత్తేమీ కాదు. 2024 మార్చి 16న కోడ్ వచ్చింది, ఆ వారంలోనే కబురొచ్చింది, ఇచ్చేశాను. జూన్ 4న లెక్కింపు అయ్యాక, ఆ నెల మూడో వారంలో రివాల్వరు, 25 తూటాలు తెచ్చుకున్నాను. ఈ 25 అనే అంకె గుర్తు పెట్టుకోండి. ఎలక్షన్లకైతే వాళ్ళే పిలుస్తారు, రశీదు పుస్తకం బల్ల మీద సిద్ధంగా ఉంటుంది, అరగంటలో పని. మనంతట మనం పోయి "ఇది పెట్టుకోండి" అంటే మాత్రం ఎవరికీ ఏం చేయాలో తోచదు.

డిసెంబరు 20న మొదటిసారి పోయాను. ఎస్.ఐ. బందోబస్తుకు పోయినాడు, రేపు రమ్మన్నారు. 24న పోతే, ఎస్.పి. ఆఫీసుకు ఒక అర్జీ, కలెక్టరాఫీసుకు ఒక కాపీ ఇచ్చి, వాటి మీద ముద్ర వేయించుకుని రమ్మన్నారు. ఎందుకని అడిగితే, స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు నా వైపు చూసి, "పెద్దాయనా, ఎలక్షన్ కాకుండా తుపాకి ఇడ్సిపెట్టి పోయేటోణ్ని నా సర్వీసులో నిన్నే చూస్తాండా" అన్నాడు. టికెట్లు, వీసా పేజీ జిరాక్సులు జతచేసి రెండు చోట్లా ఇచ్చాను. లైసెన్సు గడువు అప్పటికి 2026 దాకా ఉండింది కాబట్టి నాకు రెన్యువల్ తలనొప్పి రాలేదు. మీది మధ్యలో ముగిసిపోయేదైతే ఆ పని ముందు చేసుకోండి, విదేశంలో కూర్చుని చేసేది కాదది.

జనవరి 6, సోమవారం. రివాల్వరు తోలు ఒరలో పెట్టి, తూటాల కవరు తీసుకుని పోయాను. రైటరు హెడ్ కానిస్టేబులు, యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. రివాల్వరు నంబరు లైసెన్సుతో సరిచూశాడు. తూటాలు బల్ల మీద పోసి రెండు రెండుగా జరుపుతూ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇరవై నాలుగుండాయి."

"ఇరవై అయిదు సార్."

"నువ్వే లెక్కబెట్టు."

లెక్కపెట్టాను. ఇరవై నాలుగే. జూన్‌లో నేను సంతకం పెట్టింది 25కు. ఆ తరువాత ఒక్కటీ కాల్చలేదు. కవరు ఎట్లా తెచ్చానో అట్లాగే బీరువాలో పెట్టాను. ఇంటికొచ్చాక లెక్కపెట్టుకున్నానా అంటే, లేదు.

"ఇంట్లోనే యాడో పడింటాది సార్, 24 అని రాసుకోండి" అన్నాను. ఆయన రాసుకోలేదు. పెన్ను మూసి బల్ల మీద పెట్టాడు. తూటా పోయినా తుపాకి పోయినట్టే లెక్క, తెలిసిన వెంటనే స్టేషన్లో రాసివ్వడం లైసెన్సు షరతు అని చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. పదిరోజుల్లో ప్రయాణం పెట్టుకుని తూటా పోయిందని నా చేత్తో నేనే రాసివ్వాలా? సంక్రాంతి పనులు, సామాన్లు సర్దడం, మధ్యలో ఇదొకటి. గంటసేపు వాదించాను. ఎస్.ఐ.తో మాట్లాడతానన్నాను, తెలిసిన నాయకుడి పేరు కూడా ఎత్తాను. ఆయన టీ తెప్పించాడు గానీ మాట మార్చలేదు.

చివరికి రాసిచ్చాను. ఫలానా తేదీన 25 తీసుకున్నాను, ఈ రోజు చూసుకుంటే 24 ఉన్నాయి, ఒకటి కనిపించడం లేదు, వెతుకుతున్నాను, దొరికితే అప్పగిస్తాను అని. ఆయన దాన్ని స్టేషన్లో ఏ రోజు సంగతులు ఆ రోజు రాసే జనరల్ డైరీలో ఎక్కించి, నా కాపీ మీద నంబరు వేసి ముద్ర కొట్టిచ్చాడు. రశీదులో తూటాల అడుగున ఉండే కె.ఎఫ్. అనే గుర్తు కూడా రాశాడు. పుణె దగ్గర కిర్కీ (ఖడ్కీ) తూటాల ఫ్యాక్టరీ గుర్తంట అది. 21 ఏళ్ళుగా నా దగ్గరుంది, ఆ అక్షరాలు నేనెప్పుడూ చదివిన పాపాన పోలేదు.

ఆ తరువాత రెండు రోజులూ ఇల్లంతా వెతికాం. బీరువా కింద, బియ్యం డ్రమ్ము వెనక, పాత పరుపుల మడతల్లో. భోగి మంటకని పక్కన పెట్టిన చెక్కసామాను కూడా మా ఆవిడ విడిపించి చూసింది, తూటా మంటలో పడితే పండగ పండగే అని. దొరకలేదు. రివాల్వరు లేకుండా మొదటి రాత్రి నిద్ర పట్టదనుకున్నాను. నిద్ర పట్టింది గానీ, ఆ ఒక్క తూటా కలలోకొచ్చింది.

జనవరి 18 రాత్రి బయల్దేరాం. అల్లుడు కారు నడిపాడు. విమానం 19 తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకు, దోహా మీదుగా డల్లాస్‌కు. పెనుకొండ దగ్గర ఇడ్లీ తిని, అర్ధరాత్రి పన్నెండుంబావుకు విమానాశ్రయం చేరాం. పెద్దపెట్టెలు ఇచ్చేశాం. ఇమ్మిగ్రేషన్లో పాస్‌పోర్టుల మీద ముద్ర పడింది. ఇంక అయిపోయిందిలే అని ఊపిరి పీల్చుకున్నాం. సెక్యూరిటీ దగ్గర చేతిసంచులు ట్రేలలో పెట్టాం. మా ఆవిడ ట్రే నేరుగా వచ్చింది. నా ట్రే మాత్రం దానంతటదే పక్క దారిలోకి మళ్ళింది.

ఆ సంచి సంగతి చెప్పాలి. ఎప్పుడో విత్తనాల కంపెనీ వాళ్ళిచ్చిన నల్ల రెగ్జిన్ సంచి. నా బి.పి., షుగరు మాత్రలు, మా ఆవిడ మోకాళ్ళ నూనె, కజ్జికాయల డబ్బా అందులో సర్దింది. కొత్తది కొందామంటే, "ఇది గట్టిగానే ఉంది, ఎందుకు దండగ" అంది. జూన్‌లో స్టేషను నుంచి తూటాల కవరు తెచ్చింది ఈ సంచిలోనే. నాకు ఆ ముక్క అప్పుడు తట్టలేదు. సి.ఐ.ఎస్.ఎఫ్. పిల్లోడు సంచి ఖాళీ చేసి, అడుగున చిరిగిన లైనింగులోకి రెండు వేళ్ళు పెట్టి, అట్టకూ గుడ్డకూ మధ్య నుంచి దాన్ని బయటికి తీశాడు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నాకు చూపించాడు.

పన్నెండు రోజులుగా వెతుకుతున్న వస్తువు కనిపిస్తే మనిషికి సంతోషం కలగాలి గదా. నా కాళ్ళు వణికాయి.

వాడికి హిందీ తప్ప రాదు, నాకొచ్చేది మా గుత్తి రోడ్డు ఉర్దూ. "మేరాచ్ హై, లైసెన్స్ హై" అన్నాను. 'మేరాచ్' అని ఒప్పుకోకుండా ఉండాల్సిందేమో అని తరువాత చాలాసార్లు అనుకున్నాను. వకీలు మాత్రం ఒప్పుకోవడమే మంచిదైంది అన్నాడు. అయిదు నిమిషాల్లో ముగ్గురు ఆఫీసర్లు వచ్చారు. ఎవరూ కేకలు వేయలేదు, చేయి పట్టుకోలేదు. రోజూ చూసేదే అన్నట్టు ఒకరి తరువాత ఒకరు అవే ప్రశ్నలడిగారు. తుపాకి ఎక్కడ, ఎవరిచ్చారు లైసెన్సు, ఎందుకు పోతున్నారు. మా ఆవిడను నువ్వు విమానమెక్కు అంటే ఆమె కదల్లేదు. ఒంటరిగా ఆమె బెంగళూరు దాటి ఎక్కడికీ పోయింది లేదు.

ఇక్కడ జరిగే పనుల వరస ఎవరూ ముందు చెప్పరు కాబట్టి చెప్తున్నాను. మొదట ఎయిర్‌లైన్ వాళ్ళు మిమ్మల్ని ప్రయాణికుల జాబితా నుంచి తీసేస్తారు. విమానంలోకి పోయిన పెట్టెలు వెతికి దింపుతారు. తరువాత ఇమ్మిగ్రేషన్‌కు వెనక్కి తీసుకుపోయి, పాస్‌పోర్టు మీద వేసిన ముద్రను రద్దు చేస్తారు. గంట కిందట దేశం దాటినట్టు ముద్ర, ఇప్పుడు దాటలేదని దాని మీద ఇంకో ముద్ర. ఆ తరువాత తూటాతో సహా మనల్ని పోలీసులకు అప్పగిస్తారు. ఆ బల్ల దగ్గర మేం కూర్చునేసరికి 3 గంటల 40 నిమిషాలు. మా విమానం ఎక్కడానికి చివరి పిలుపు ఆ గోడల్లోంచే వినిపించింది. మా ఆవిడ తల వంచుకుని కూర్చుంది. మనవడి పుట్టినరోజు 20వ తేదీ. దాని కోసమే ఆ విమానం.

చిన్నోడికి ఫోన్ చేశాను. వాడికి అక్కడ సాయంత్రం. "నాయనా" అన్నాడు, ఇంకేమీ అనలేదు. నాకదే తిట్టినట్టయింది.

వకీలు స్నేహితుణ్ణి 5 గంటలకు లేపాను. అంతా విని, "రైటరు రాయించుకున్న కాగితం నీ దగ్గరుందా?" అనడిగాడు. ఉంది. నాకు కాగితాల పిచ్చి. పాస్‌పోర్టు జిరాక్సు, ఇన్సూరెన్సు, షుగరు రిపోర్టు, ఇంటిపన్ను రశీదుతో సహా ఒక ఫైలు వెంట ఉంటుంది. అమెరికాలో ఇంటిపన్ను ఎవరడుగుతారని మా ఆవిడ వెక్కిరించిన ఫైలు. "అయితే భయం లేదు. చట్టంలో తూటా నీ సంచిలో ఉండడం ఒక్కటే సరిపోదు, ఉందని నీకు తెలిసుండాల. 1972లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. తెలీదు అని నువ్వు పన్నెండు రోజుల ముందే పోలీసులకు రాసిచ్చినావు గదా" అన్నాడు. జనవరి 6న గంటసేపు ఆ రైటరును నేనెన్ని మాటలన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

ఎస్.ఐ. ఆరున్నరకు వచ్చాడు. కన్నడాయన, తెలుగు బాగానే అర్థమవుతుంది. ఫైలంతా తిరగేశాడు. లైసెన్సు జిరాక్సులో ఏరియా దగ్గర వేలు పెట్టి, "ఆంధ్రప్రదేశ. ఇదు కర్ణాటక" అన్నాడు. 2003లో ఆ మాట రాసినప్పుడు ఆంధ్రప్రదేశ్ అంటే హైదరాబాదు కూడా అని చెప్పాలనిపించింది. నోరు మూసుకున్నాను, మంచిపని చేశాను.

మా స్టేషనుకు ఫోన్ చేసి కనుక్కోవడానికే రెండు గంటలు పట్టింది. రాత్రి డ్యూటీ వాళ్ళకు ఏమీ తెలీదు, మా రైటరు ఎనిమిదిన్నరకు గానీ రాడు. ఆలోపు మా ఆవిడ కజ్జికాయల డబ్బా తీసి లేడీ కానిస్టేబుల్ ముందు పెట్టింది. ఆ అమ్మాయి వద్దు వద్దని రెండు తినింది. తరువాత మాకు కాఫీ వచ్చింది. తొమ్మిదికి మా రైటరు ఫోన్లోకి వచ్చాడు. జనరల్ డైరీ పేజీ, నా అర్జీ, 24 తూటాల రశీదు ఫోటోలు తీసి పంపాడు. ఇక్కడి ఎస్.ఐ. తూటాను బోర్లించి, అడుగున గుర్తు చూసి, ఫోన్లో చూసి, మళ్ళీ తూటాను చూశాడు. కె.ఎఫ్.

తూటా ఎక్కడ, ఎట్లా దొరికిందో రాసే మహజరు కన్నడంలో రాశారు. అక్షరాలు మన వాటిలాగే ఉంటాయి కాబట్టి కూడబలుక్కుని చదివి సంతకం పెట్టాను. తూటా వాళ్ళే ఉంచుకున్నారు. కేసు కట్టలేదు. ఇకపై ఇట్లా జరిగితే కట్టక తప్పదని చెప్పి, మధ్యాహ్నం పన్నెండున్నరకు పంపించారు. నాకు జరిగింది చూసి అందరికీ ఇట్లాగే వదిలేస్తారనుకోవద్దు. ఒక్క తూటాకు ఆయుధాల చట్టం 25వ సెక్షను కింద కేసు పెట్టించుకుని, హైకోర్టుకు పోయి కొట్టేయించుకోవడానికి ఏళ్ళు తిరిగినవాళ్ళ సంగతులు వకీలు చెప్పాడు. అది పూర్తిగా ఆ బల్ల వెనక కూర్చున్న మనిషి చేతిలో ఉంది. మన చేతిలో ఉండేది కాగితం ఒక్కటే.

పెట్టెలు తిరిగి చేతికి రావడానికి ఇంకో రెండు గంటలు. ఒక దాంట్లో ఆవకాయ డబ్బా మూత ఊడి కొత్త తువాళ్ళన్నీ ఎర్రగా అయినాయి.

ఖర్చు అడుగుతారు కాబట్టి: టికెట్లు మార్చడానికి ఇద్దరికీ కలిపి 61,400 రూపాయలు. యలహంకలో మా ఆవిడ పిన్నమ్మ కూతురింట్లో నాలుగు రోజులున్నాం కాబట్టి లాడ్జి ఖర్చు తప్పింది. అల్లుడు పెనుకొండ దాకా వెనక్కి పోయినవాడు మళ్ళీ వచ్చాడు, డీజిలు, టోలు ఇంకో నాలుగు వేలు. కొత్త సంచి 900. వకీలు డబ్బు తీసుకోలేదు, ఒక డబ్బా కజ్జికాయలు బాకీ అన్నాడు.

23న మళ్ళీ పోయాం. కొత్త సంచిని యలహంకలో బోర్లించి, దులిపి, జేబులన్నీ బయటికి తిప్పి చూశాను. దాంట్లో ఏమీ లేదని తెలుసు. అయినా ట్రే ఆ యంత్రంలోకి పోయి బయటికొచ్చేదాకా నా గుండె దడ మా ఆవిడకు వినిపించిందంట. డల్లాస్‌లో దిగాక అక్కడి ఆఫీసరు అడిగింది ఒక్కటే, విత్తనాలు, మాంసం ఏమైనా ఉన్నాయా అని. తుపాకి ఊసే లేదు.

అక్కడ రెండు సంగతులు చూశాను. ఫిబ్రవరిలో చిన్నోడు ఆఫీసు పని మీద వేరే ఊరికి పోతుంటే దింపడానికి విమానాశ్రయానికి పోయాను. లైనులో మా ముందున్నాయన గట్టి ప్లాస్టిక్ పెట్టె ఒకటి కౌంటరు మీద పెట్టి, ఇందులో తుపాకి ఉంది అన్నాడు. కూరగాయల సంచి చూపించినట్టు. ఆ అమ్మాయి ఖాళీ చేసిందేనా అని అడిగి, ఒక చీటీ మీద సంతకం తీసుకుంది. ఆయన తాళమేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పట్టుమని అయిదు నిమిషాలు కాలేదు. నేను అట్లాగే నిలబడి చూస్తుంటే మా వాడు చొక్కా పట్టి లాగాడు.

ఇంకోటి, మార్చిలో వాడి స్నేహితులంతా షూటింగ్ రేంజికి పోతూ నన్నూ పిలిచారు. అందరూ మన పిల్లలే. కర్నూలోడు ఒకడు, ప్రొద్దుటూరోడు ఒకడు. అందరి జేబుల్లోనూ టెక్సాస్ వేట లైసెన్సు. ఒక్కడూ కుందేలును కూడా వేటాడిన పాపాన పోలేదు. పాతిక డాలర్లు పెట్టి అది కొనుక్కుంటే హెచ్1బి వాళ్ళు రేంజిలో తుపాకి పట్టుకోవచ్చునంట. "అంకుల్, మీకూ తీసిస్తాం" అన్నారు. నేను అద్దానికి ఇవతల కుర్చీలో కూర్చున్నాను. పాతికేళ్ళ పిల్లోళ్ళు టపటపా కాలుస్తుంటే, 21 ఏళ్ళుగా లైసెన్సున్నవాణ్ణి, నేను ఒక్కసారీ కాల్చకుండా కాఫీ తాగాను. బయటికొచ్చాక చిన్నోడు, గుర్తుగా ఉంచుకో నాయనా అని కాల్చిన ఖాళీ గొట్టం ఒకటి నా చేతిలో పెట్టాడు. అది చేతికి తగిలీ తగలకముందే చెత్తడబ్బాలో వేసి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. కోటు కూడా ఉతికించాను.

ఏప్రిల్ 24న అనంతపురం చేరాం. 28న రశీదు పట్టుకుని స్టేషనుకు పోయాను. మా రైటరుకు బదిలీ అయింది. ఆయనకోసం డల్లాస్ నుంచి తెచ్చిన పెన్ను నా జేబులోనే ఉండిపోయింది. కొత్తాయన రిజిస్టరు చూసి, రివాల్వరు ఆర్మ్‌డ్ రిజర్వు ఆయుధాగారానికి పోయింది, ఎస్.పి. ఆఫీసు నుంచి విడుదల ఉత్తర్వు రావాల అన్నాడు. ఎలక్షన్లయితే అందరివీ ఒకేసారి విడుదల చేస్తారు. ఒక్కడిదే అంటే ఒక ఫైలు కదలాలి. మే మొదటి వారంలో రెండుసార్లు తిరిగాను. అంతలో పాకిస్తాన్ సరిహద్దులో గొడవ మొదలైంది, పోలీసులకు సెలవుల్లేవు. గోరంట్ల దగ్గర కల్లితండా జవాను వీరమరణం పొందితే 11వ తేదీ అంత్యక్రియలకు మా వైపు జనమంతా కదిలారు. ఆ వారం నా రివాల్వరు సంగతి అడగడానికి నాకే మనసు రాలేదు.

మే 19న ఇచ్చారు. అంటే అడిగిన 21 రోజులకు. ఒర విప్పి చూస్తే సిలిండరు మీద, గొట్టం పక్కన గోధుమరంగు చుక్కలు. తుప్పు. తప్పు నాదే. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, దీర్ఘకాలం పెట్టేటప్పుడు తోలు ఒరలో పెట్టకూడదు. నూనె పట్టించి, నూనెలో తడిపిన గుడ్డలో చుట్టి ఇవ్వాలి. ఇది నాకు కొత్త రైటరే చెప్పాడు. చెప్తూనే తూటాలు బల్ల మీద పోశాడు. ఈసారి లెక్కపెట్టింది నేను. రెండు రెండుగా కాదు, ఒక్కొక్కటీ బోర్లించి అడుగున గుర్తు చూసుకుంటూ. వెనక నిలబడినోళ్ళు విసుక్కున్నారు.

ఇంటికి తెచ్చి స్టీలు టిఫిను బాక్సులో పోసి, మూత బిగించి, పట్టుచీరల కింద పెడుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

"ఎన్నుండాయి?"

"ఇరవై నాలుగు."

"ఇంగొకటి?"

"బెంగళూర్లో ఉంది గదా."

ఆ నల్ల సంచి ఎక్కడుందని అడిగాను. పెరట్లో పారేసి వచ్చిందంట, లైనింగు మొత్తం కత్తెరతో కోసి చూసి మరీ.